దినమునకు మూడు పంక్తులు



హైకు జపానులో పుట్టిన 5, 7, 5 ధ్వనుల చిన్న కవిత. 1990 దశకమున ఇస్మాయిల్ మున్నగు కవులు దానిని తెనుగున నాటిరి. పరాయి రూపము మనకేల యని కొందరి శంక.

మన ఆదవాని 1800లో నిజాము ఆంగ్లేయుల కిచ్చిన సీమలలోనిది. నా చిట్టాలోని జమాబందీ, రసీదు, కాగితము పారసీకమునుండి వచ్చినవే. నేడు వానిని పరాయివనువా రెవరు? ఆ మాటలతోనే యొకటి వ్రాసితిని:

రసీదు కాగితము,
ఆరని సిరా,
దానిపై దూదిపింజ.

లెక్కకును హైకుకును ధర్మమొకటే: లేనిది చేర్చరాదు, ఉన్నది దాచరాదు.

ఎమ్మిగనూరు మగ్గము ఆగిన నిమేషమును, ఆదవాని బాటపై రాలిన ప్రత్తిని చూచినవారు వ్రాయకున్న, ఆ చూపును ఆ మాటయు వారితోనే పోవును. కావున గ్రంథాలయమున నొక నోటుపుస్తకము నుంచి, దినమునకు మూడు పంక్తులు వ్రాయుదము. కవిత్వము కాకున్నను మన యూరి లెక్క నిలుచును.