సర్వర్‌కు నాడి చూసే సాఫ్ట్‌వేర్



కోల్‌కతాకు గంగ అవతల, హౌరా వైపున సంత్రాగాఛి స్టేషన్ ఉంది. విశాఖపట్నం, విజయవాడ మీదుగా చెన్నై వెళ్లే రైలు కోసం మీరక్కడ రిజర్వేషన్ చేయించుకుంటున్నారనుకోండి. మీ పేరు, వయసు కౌంటర్‌లోని కంప్యూటర్‌లో నిలవ ఉండవు, దూరంగా ఉన్న సర్వర్‌కు చేరతాయి. ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లలోని రిజర్వేషన్ కేంద్రాలను రైల్వే 1999లో ఒకే నెట్‌వర్క్‌గా కలిపింది. అలాంటి సర్వర్ ఆగితే ఎన్ని ఊళ్లలో క్యూలు ఆగిపోతాయో ఆలోచించండి.

మీ కళాశాల సర్వర్ చిన్నదే. అయినా సూత్రం ఒకటే. యంత్రాన్ని ఆపకుండా, విప్పకుండా దాని ఆరోగ్యం ఎలా తెలుసుకోవాలి?

హార్డ్‌డిస్క్ తన స్థితిని తానే గమనించి లెక్కలు రాసుకుంటుంది. ఈ ఏర్పాటు పేరు స్మార్ట్. పాడైన సెక్టార్లకు బదులుగా ఎన్నింటిని కేటాయించింది, చదవలేక పెండింగ్‌లో పెట్టినవి ఎన్ని, వేడి ఎంత అన్నవి అందులో ఉంటాయి. వీటిని చదవడానికి లైనక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. దీన్ని 2002లో ప్రారంభించినవారు బ్రూస్ ఆలెన్ అనే భౌతిక శాస్త్రవేత్త.

ఇన్‌స్టాల్ చేసే క్రమం చూద్దాం. మొదట బ్యాకప్ తీసుకోండి. జబ్బుపడ్డ డిస్క్ సుదీర్ఘ పరీక్ష శ్రమకే పూర్తిగా చెడిపోవచ్చు. తరువాత సాఫ్ట్‌వేర్‌ను మీ లైనక్స్ సంస్థ ఇచ్చే అధికారిక భాండాగారం నుంచే తెచ్చుకోండి. డిస్క్‌లు రెయిడ్ కంట్రోలర్ వెనుక ఉంటే, ఆ కంట్రోలర్ రకాన్ని సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలి. లేకపోతే అసలు డిస్క్‌లు దానికి కనిపించకపోవచ్చు. కొద్ది నిమిషాల చిన్న పరీక్షను తరచుగా, గంటలు పట్టే పెద్ద పరీక్షను పని తక్కువగా ఉండే వేళల్లో పెట్టండి. మెమరీని క్షుణ్ణంగా పరీక్షించాలంటే మాత్రం సర్వర్‌ను ఆపి, మెమ్‌టెస్ట్ వంటి ప్రోగ్రామ్‌తో బూట్ చేయవలసిందే.

చివరి మెట్టు హెచ్చరిక ఈ-మెయిల్. నేను పనిచేసిన ఒక కళాశాలలో ఈ మెట్టు వదిలేశాం. సాఫ్ట్‌వేర్ రోజూ లాగ్ ఫైలులో హెచ్చరిక రాస్తూనే ఉంది, ఆ ఫైలు మేమెవరం తెరవలేదు. ఒక సోమవారం సర్వర్ లేవలేదు. అంతర్గత పరీక్షల మార్కులన్నీ పోయాయి. జవాబు పత్రాలు మళ్లీ తెప్పించి, ఒక్కొక్కటిగా ఎక్కించాం. కాబట్టి ఒక నమూనా హెచ్చరిక పంపించి, అది మీకు చేరిందో లేదో చూసుకున్న తరువాతే ఇన్‌స్టాలేషన్ పూర్తయిందనుకోండి.

మరి హెచ్చరిక రాకపోతే డిస్క్ క్షేమమేనా? 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించిన ఫలితాలు ప్రచురించారు. స్కాన్‌లో మొదటి లోపం కనిపించాక 60 రోజుల్లోగా డిస్క్ చెడిపోయే అవకాశం, అలాంటి లోపం లేనివాటితో పోలిస్తే 39 రెట్లు ఉంది. కనుక హెచ్చరిక వస్తే ఆలస్యం చేయకండి. కానీ చెడిపోయిన డిస్క్‌లలో 56 శాతానికి పైగా, ముఖ్యమైన నాలుగు సూచనల్లో ఒక్కటీ చూపలేదు!

జ్వరం లేనంత మాత్రాన రోగం లేదని వైద్యుడు అనడు కదా. పరీక్షలో బాగుందని వస్తే, లోపం ఇంకా కనిపించలేదని మాత్రమే అర్థం. డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ మీకు కొంత వ్యవధి ఇస్తుంది. పోయిన సమాచారాన్ని తిరిగి ఇచ్చేది బ్యాకప్ ఒక్కటే.

ఈ వారం మీ ల్యాబ్ అధ్యాపకుల అనుమతితో, బ్యాకప్‌లోని ఒక ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకుంటే సంతోషం. తెరుచుకోకపోతే, ఆ సంగతి ఈ రోజే తెలియడం మంచిది.