అగ్ని బీమా: తాత్కాలిక పత్రము ఎప్పుడు ఒప్పందమగును?

పాలకుర్తి ప్రాంతమున ప్రత్తి ఇండ్లకును గిడ్డంగులకును చేరు దినములలో నిప్పు భయము అధికము. ఒక ఉదాహరణము తీసికొందము. అచటి చిన్న వ్యాపారి యొకడు తన గిడ్డంగిలోని ప్రత్తికి అగ్ని బీమా కోరి సోమవారము దరఖాస్తు పెట్టి, ప్రీమియము చెల్లించెను. పాలసీ ఇంకను రాలేదు. గురువారము రాత్రి గిడ్డంగి దగ్ధమైనది. ఆ నష్టమును బీమా సంస్థ భరింపవలెనా? ఆ నాలుగు దినములలో వ్యాపారి చేతికి వచ్చిన కాగితమేది అన్నదే ఇచట ముఖ్యము.

అది సొమ్ము ముట్టినట్లు తెలుపు రసీదు మాత్రమే అయినచో, చిక్కు గలదు. దరఖాస్తు ఒక ప్రతిపాదన మాత్రమే. సంస్థ దానిని అంగీకరించి, ఆ సంగతి తెలియజేసిననే ఒప్పందమగును. ఆంధ్రదేశమున పుట్టిన ఒక జీవిత బీమా వ్యాజ్యము ఇందుకు నిదర్శనము. రాజా వాసిరెడ్డి వంశీయు డొకరు 1960 డిసెంబరు 27న 50,000 రూపాయల బీమాకు ప్రతిపాదించిరి. ప్రీమియమునకిచ్చిన రెండవ చెక్కు సొమ్ము 1961 జనవరి 11న సంస్థకు చేరినది. మరునాడే ఆయన మరణించిరి. హైకోర్టు భార్య పక్షమున తీర్పు చెప్పినను, 1984లో సుప్రీంకోర్టు దానిని త్రోసివేసినది. మౌనము అర్ధాంగీకారమని మనము లోకమున అనుకొందుము. బీమాలో మాత్రము సంస్థ మౌనముగా నుండుటయు, సొమ్ము నుంచుకొనుటయు అంగీకారము కావని ఆ తీర్పు సారాంశము.

వ్యాపారి చేతనున్నది కవర్ నోటు అయినచో సంగతి వేరు. పాలసీ వచ్చులోపల రక్షణ కల్పించుచు సంస్థ ఇచ్చు తాత్కాలిక పత్రమది. అదియు ఒప్పందమే, కాని పరిమితమైనది. గంగాతీరమున ధులియాన్ లోని ఇండ్లకు సంబంధించిన వ్యాజ్యములో 1966లో సుప్రీంకోర్టు ఈ సంగతిని విశదపరచినది. ఆ యజమాని అగ్ని బీమాతోపాటు వరద, నదీకోతల నుండియు రక్షణ కోరగా తాత్కాలిక పత్రము లభించినది. నష్టము జరుగకముందే సంస్థ దానిని రద్దుచేసినది. పిమ్మట ఇండ్లు నదిలో కలిసినవి. రాబోవు పాలసీలోని షరతులు తాత్కాలిక పత్రమునకును వర్తించుననియు, వాటి ననుసరించి చేసిన రద్దు చెల్లుననియు న్యాయస్థానము నిర్ణయించినది.

ప్రీమియము విషయమును మరువరాదు. 1938 నాటి బీమా చట్టములోని 64-విబి సెక్షను ప్రకారము, సాధారణముగా ప్రీమియము ముందుగా ముట్టనిదే సంస్థ బాధ్యత వహింపరాదు. మనియార్డరు చేసిన దినము నుండి, లేదా చెక్కును టపాలో వేసిన దినము నుండి బాధ్యత వహింపవచ్చును. ఏజెంటు వసూలుచేసిన సొమ్మును, సెలవులు మినహా, 24 గంటలలో సంస్థకు చేర్పవలెను. ప్రీమియము లేనిదే రక్షణ లేదు. ప్రీమియ మొక్కటే చాలదు.

కాబట్టి మన వ్యాపారి వద్ద గురువారము నాటికి గడువు తీరని, రద్దుకాని కవర్ నోటున్నచో, పాలసీ రాలేదను సాకు సంస్థకు చెల్లదు. షరతులకు లోబడి నష్టము చెల్లింపవలెను. రసీదు మాత్రమే ఉన్నచో, సంస్థ అంగీకరించినదని రుజువుచేయు భారము అతనిపై పడును.

సొమ్ము చెల్లించిన నాడే కవర్ నోటు అడిగి పుచ్చుకొనుడు. అందులో సరకు వివరము, గిడ్డంగి చిరునామా, బీమా మొత్తము, రక్షణ మొదలగు దినము, ముగియు దినము, అధికారి సంతకము ఉన్నవో లేవో చూచుకొనుడు. గడువు ముగియుచున్నను పాలసీ రానిచో, పొడిగింపును వ్రాతపూర్వకముగా పొందుడు. నోటిమాట నిప్పు ముందు నిలువదు.