మళ్ళీ చదవాలా?



సాహిత్య సదస్సులో అధ్యక్షులు కవుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈ పూట ఆ కవుల పుస్తకాలను పాఠకుడి చేతికి అందించే పిల్లల గురించి మాట్లాడతాను. మన విశ్వవిద్యాలయాల్లో గ్రంథాలయ శాస్త్రం చదివి, ఖాళీ పోస్టులు నిండుతాయేమోనని ఏళ్లకేళ్లు ఎదురుచూసి, చివరికి ఎడ్మంటన్ చేరి, ఇక్కడ అరల్లో పుస్తకాలు సర్దే పనిలో కుదురుకున్నవాళ్లు వీళ్లు. నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మాస్టారూ, మళ్ళీ చదవాలా?"

వాళ్ల బెంగలో నిజం ఉంది. ఇక్కడి లైబ్రేరియన్ ఉద్యోగాలకు సాధారణంగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గుర్తింపు ఉన్న మాస్టర్స్ పట్టాగానీ దానికి సమానమైన అర్హతగానీ అడుగుతారు. అలాంటి కోర్సు మన ఊళ్ళోనే, 1968లో ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో మొదలైన గ్రంథాలయ విద్యా విభాగంలో ఉంది. అయినా ముందు మన పట్టాకు ఇక్కడ ఎంత విలువ కడతారో ఆల్బర్టా ప్రభుత్వ అర్హతల మదింపు విభాగంలో తేల్చుకోండి. ఆ కాగితం రాకుండా ఫీజు కట్టకండి. లైబ్రరీ టెక్నీషియన్ పని మీద మనసుంటే మెకెవాన్ విశ్వవిద్యాలయంలో డిప్లొమా ఉంది. దాన్ని చిన్నచూపు చూసేవాళ్ల మాట వినకండి.

ఈ ఊగిసలాట కొత్తది కాదు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయం తన గ్రంథాలయానికి ఒక లెక్కల అధ్యాపకుణ్ణి నియమించింది. నిశ్శబ్దం, ఒంటరితనం ఆయనకు ఊపిరాడనివ్వలేదు. కొద్ది రోజులకే తన తరగతి గదికి పంపేయమని పైవాళ్లను వేడుకున్నారు. వాళ్లు కసురుకోలేదు. లండన్ వెళ్లి చదివి రమ్మన్నారు; తిరిగొచ్చాక కూడా ఇష్టం లేకపోతే పాత ఉద్యోగం ఇస్తామన్నారు. యూనివర్సిటీ కాలేజీలో చదువుతూ, క్రాయ్డన్ లాంటి చోట్ల గ్రంథాలయం ఊరి బతుకులో ఎలా కలిసిపోయిందో చూసి, 1925లో తిరిగి వచ్చిన ఎస్.ఆర్. రంగనాథన్ మళ్ళీ లెక్కల వైపు చూడలేదు. 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచ సూత్రాలు, 1933లో పుస్తకాలను విభజించే కోలన్ వర్గీకరణ ఆయన చేతిమీదుగా వచ్చాయి.

ఆయన ప్రతిభ అందరికీ తెలిసిందే. నన్ను కదిలించేది మాత్రం ఆ హామీ. వెనక్కి వచ్చే దారి మూయకుండా పంపారు కాబట్టే ఆయన మనసు పెట్టి చదవగలిగారు. మన పిల్లలకు ఆ హామీ ఎవరిస్తున్నారు? "ఐటీలో చేరిపోరాదూ" అనేవాళ్లే తప్ప, రెండేళ్లు ఇంటి అద్దె సంగతి మేం చూస్తాం అన్నవాళ్లు తక్కువ. ఈ సభలో పెద్దలున్నారు, వ్యాపారులున్నారు. మీరు తలుచుకుంటే ఏటా ఒక్కరి ఫీజైనా భరించగలరు.

ఇక యువతకు నా మాట. భయంతో చదువులో చేరకండి, ఒక ప్రశ్నతో చేరండి. ప్రశ్నలకు కొదవ లేదు. శ్రీశ్రీ పుస్తకం కోసం శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికినవాడికీ దొరకాలి. భాగవతుల సదాశివశంకరశాస్త్రి, ఆరుద్ర ఒక్కరేనని కంప్యూటర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. ఇంటిపేరు ముందుండే మన పేర్లను, రోమన్ లిపిలో తలో రకంగా రాసే మన శీర్షికలను సరిచూడటానికి తెలుగు చదవగలిగినవాళ్లు కావాలి. ఈ నగరంలో ఎన్ని ఇళ్ల బేస్‌మెంట్లలో తెలుగు పుస్తకాలు అట్టపెట్టెల్లో ఉన్నాయో మీకు తెలుసు. తల్లిదండ్రులు పోయాక, చదవడం రాని పిల్లలు వాటిని ఏం చేస్తారు? ఇలాంటి పుస్తకాలకు జాబితా కట్టి కాపాడే పని నేర్చుకోవడానికైతే తప్పకుండా చదవండి. వీలైతే చేతిలో ఉన్న ఉద్యోగం వదలకుండా, ఆన్‌లైన్‌లో, నెమ్మదిగా చదవండి.

భోజన విరామంలో ఆ అట్టపెట్టెలున్న వాళ్లు, ఈ పిల్లలు ఒక్క బల్ల దగ్గర కూర్చోవాలని కోరుతున్నాను. ఎవరి ఇంట్లో జాబితా పని ముందు మొదలుపెట్టాలో అక్కడే నిర్ణయిద్దాం.