ఓడ యెక్కుటకు ముందటి దినము
(రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



చోడవరమునుండి సముద్రము కానరాదు. చుట్టును చెఱకు తోటలు, వరిపొలములు, దూరమున కొండలు మాత్రమే కనబడును. అయినను 2022లో అనకాపల్లి జిల్లాలో చేరువరకు విశాఖపట్టణము జిల్లాలోనిదైన ఈ సీమలో, పెక్కు కుటుంబముల కథలందు సముద్రమునకు పెద్ద స్థానము గలదు. పూర్వము ఎవడైనను “రంగము పోయినా”డనగా బర్మా దేశములోని రంగూనుకు కూలికి వెళ్ళెనని అర్థము. వెళ్ళినవారి కష్టములు, తిరిగివచ్చినవారి సంపాదనలు కథలుగా చెప్పుకొందురు. ఇల్లు విడిచిన పిమ్మట, ఓడ కదలుటకు ముందు విశాఖపట్టణమున గడచిన ఆ యొక్క దినమును గూర్చి చెప్పువారు అరుదు. బ్రదుకు మార్గమును నిర్ణయించినది పెక్కుమారులు ఆ దినమే.

ఒక దినము ముందుగా పట్టణము చేరవలసిన అవసరమేమి? నాటి తీరపు ఓడలలో పెక్కు నేరుగా రంగూనుకు పోవునవి కావు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ, గోపాలపురము మొదలగు రేవులలో ఆగుచు, జనమును, సరకును ఎక్కించుకొనుచు సాగెడివి. గాలియు, కెరటమును అనుకూలింపనిచో ఏ రేవునందైనను ఆలస్యమగును. గడియ లెక్కించుకొని ఇల్లు కదలిన వానికి ఓడ తప్పుట నిశ్చయము. 1893లో వాల్తేరు, బెజవాడల మధ్య రైలు మార్గము ఏర్పడిన పిమ్మట, చోడవరమువారు బండిమీదనో కాలినడకనో అనకాపల్లి చేరి, అచ్చట రైలెక్కి వాల్తేరున దిగుట సులభమాయెను. అంతకు ముందు దారి అంతయు బండిబాటయే.

పట్టణమున దిగిన పల్లెవానికి మొదట కనబడునది డాల్ఫిన్ నోసు కొండ. దాని కెదురుగ పాతపట్టణమున మూడు గుట్టలు గలవు. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి కోవెల, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత చర్చి. సముద్రముపై పోవువాడు ఏ మతస్థుడైనను తన దైవమునకు మ్రొక్కుకొనుటకు అచ్చట చోటున్నది. బురుజుపేటలోని కనకమహాలక్ష్మి అమ్మవారికి గుడికప్పు లేదు; భక్తులు తామే దగ్గరకు పోయి పసుపు కుంకుమలు సమర్పింతురు. మ్రొక్కు తీరిన పిమ్మట బజారు పని. డెక్కు టిక్కెట్టుపై పోవువానికి ఓడలో గది లేదు, మంచము లేదు. పరచిన చాప ఎంతయో వాని యిల్లు అంతే. మూడు నాలుగు దినముల ప్రయాణమునకు చాప, చెంబు, త్రాడు, తగరపు పెట్టె, కొంత తినుబండారము సమకూర్చుకొనవలెను. సత్రమున చోటు దొరకనివారికి వీథి అరుగులో, సముద్రపు ఇసుకయో పడక.

అయితే ఆ దినమున జరిగిన ముఖ్యమైన పని బజారులోనిది కాదు, కాగితము మీదిది. కూలీలను చేర్చువాడు మేస్త్రీ. ఓడ కూలి, దారి బత్తెము, ఇంట నిచ్చివచ్చిన ముందుసొమ్ము—అన్నియు అప్పుగా వ్రాయబడెడివి. రంగూను చేరిన పిమ్మట ఆ అప్పు కూలిడబ్బులనుండి విరుగవలెను. కంపెనీకిని కూలికిని నడుమ ఒక మేస్త్రీ గాక పైమేస్త్రీలును ఉండెడివారు. ప్రతివాని భాగము ప్రతివాడు తీసికొనగా మిగిలినది కష్టపడినవానిది. సత్రములో గడపిన దినములు పెరిగినకొలది బత్తెము పెరుగును, బత్తెము పెరిగినకొలది అప్పు పెరుగును. కాగితముపై ఎంత వ్రాసిరో చదువలేనివాడు వేలిముద్ర వేయును. బర్మా 1937 ఏప్రిల్ 1వ తేదీ వరకు బ్రిటిషు ఇండియాలో భాగము గావున అచ్చటికి పోవుట విదేశ వలసగా ఎంచబడలేదు. 1922 నాటి వలస చట్టపు రక్షణయు వారికి అందలేదు. చట్టము కాపాడనిచోట అక్షరమైనను కాపాడవలసినది. ఆ అక్షరము లేకపోయెను.

మరునాడు ఓడ కనబడినను ఒడ్డునకు రాదు. నాడు విశాఖపట్టణమున లోరేవు లేదు. ఓడ లోతు నీటిలో లంగరు వేసి నిలిచెడిది. కొబ్బరి పీచుత్రాటితో పలకలను కుట్టి చేసిన మసూలా పడవలు జనమును దాని వద్దకు చేర్చెడివి. మేకులతో బిగించిన పడవ కెరటపు దెబ్బకు పగులును. కుట్టిన పడవ కొంచెము వంగి, మరల నిలుచును. సముద్రము పొంగియున్నచో పడవయు కదలదు. అప్పుడు ఒక దినము రెండు దినములగును, ఖాతాలో మరియొక పంక్తి చేరును.

1933 అక్టోబరు 7వ తేదీన సింధియా కంపెనీవారి ‘జలదుర్గ’ కొత్త రేవులో ప్రవేశించెను. అదే సంవత్సరము డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డను ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను. ఓడ గట్టుదాక వచ్చి నిలిచెను. కాని ఆవలి ఒడ్డున పరిస్థితి మారుచుండెను. 1931 జనాభా లెక్కలనాడు రంగూను నగరములో సగమునకు మించి భారతీయులే. అంతకు ముందే, 1930 మే నెలలో, తెలుగు రేవు కూలీల సమ్మె ముగియు సమయమున ఘోరమైన అల్లర్లు చెలరేగి పెక్కురు మరణించిరి. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. ఓడలు దొరకనివారు అడవులు, కొండలు దాటి కాలినడకను స్వదేశమునకు మరలిరి. దారిలో వేలమంది రాలిపోయిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన బాంబులు విశాఖపట్టణముపైనను పడెను. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వమేర్పడిన పిమ్మట మరికొన్ని వేల కుటుంబములు తిరిగివచ్చెను. విశాఖపట్టణమున ‘బర్మా క్యాంపు’ అను పేటపేరు ఆ రాకకు గుర్తు.

నేడు అదే రేవునుండి వినోదమునకై ఓడ యెక్కువారు గలరు. 2022 జూన్ నెలలో ‘ఎంప్రెస్’ అను విహారనౌక ఇచ్చటినుండి పుదుచ్చేరి, చెన్నపట్టణములకు పోయెను. 2023 సెప్టెంబరులో సుమారు 96 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించిన విహారనౌకల ప్రయాణ ప్రాంగణము ప్రారంభమాయెను. ఇట్టి ప్రయాణికుడు ముందటి దినమును ఎట్లు గడపవలెను? ఉదయము సింహాచలము దర్శింపవచ్చును. సముద్రతీరమున 2002నుండి ప్రదర్శనశాలగా నున్న కుర్సురా జలాంతర్గామిలో దిగి చూడవచ్చును. కాని సాయంకాలము రెండు గడియలైనను పాతపట్టణమునకు కేటాయించుట ఉచితము. ఆ మూడు గుట్టలలో ఒకటెక్కి రేవువైపు చూచినచో ఓడల దారి అంతయు కనబడును. ఒకనాడు ఆ దారిని చాప చుట్టి చంకనిడుకొని పోయినవారిని తలచుకొనుటకు అంతకంటె తగిన చోటు లేదు. విహారమునకు పోవువానికి తన టిక్కెట్టుపై ఏమి వ్రాసియున్నదో తెలియును. ఇరువురికిని గల భేదములలో ధనము ఒకటి, చదువు మరియొకటి. ధనము అందరికిని పంచుట గ్రంథాలయమునకు సాధ్యము కాదు. చదువు పంచుట సాధ్యము.

కావున ఇరువదియైదు వసంతములు నిండిన ఈ గ్రంథాలయమునకు ఒక పని మిగిలియున్నది. ఈ చుట్టుపట్ల గ్రామములనుండి రంగము వెళ్ళినవారి పేర్లు, వెళ్ళిన కాలము, చేసిన పని, తిరిగివచ్చిన విధము ఇంటింట అడిగి ఒక పుస్తకమున వ్రాయించవలెను. పాత ఉత్తరములు, మనియార్డరు రసీదులు, తగరపు పెట్టెల అడుగున నున్న కాగితములు చెదలపాలు గాకమునుపే నకళ్ళు తీసి దాచవలెను. ఆ ప్రయాణములను కన్నవారు ఇక మిగిలియుండుట అరుదు. విన్న మనుమలైనను ముదుసలులగుచున్నారు. తమ కథను తాము వ్రాసికొనలేక వేలిముద్ర వేసి పోయినవారి పక్షమున వారి వంశజులు వ్రాయవలసిన బాకీ యిది. మేస్త్రీ ఖాతాలో తప్ప మరెక్కడను కనబడని ఆ పేర్లు గ్రంథాలయపు పుస్తకమునకు ఎక్కినచో, రజతోత్సవము సార్థకమగును.