ముందు నిర్వచనం చెప్పు
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థిని, న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ఏ ప్రశ్న అడిగినా మా లెక్కల మాస్టారు "ముందు నిర్వచనం చెప్పు" అనేవారు. ఈ రోజు ఆయన ముందు వరుసలోనే కూర్చున్నారు కాబట్టి నిర్వచనం గురించే మాట్లాడతాను. అది నాకు సమయానికి తెలియక ఒక ఉద్యోగం పోగొట్టుకున్నాను.

1996లో డిగ్రీ కాగానే ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను. మా పై అధికారి నన్ను ఒక్కసారి కూడా తాకలేదు. కానీ రోజూ నా చీర మీదో, నడక మీదో ఒక మాట అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. నాలుగు నెలలకే మానేశాను. అమ్మతో "పని ఎక్కువగా ఉందమ్మా" అని అబద్ధం చెప్పాను.

మరుసటి ఏడాది, 1997 ఆగస్టు 13న, సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. ఈ విశాఖ మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ. అక్కడ బాల్యవివాహాన్ని ఆపబోయిన భన్వరీ దేవి అనే గ్రామ కార్యకర్తపై 1992లో సామూహిక అత్యాచారం జరిగింది. ఆ దారుణం తర్వాత వేసిన కేసులో కోర్టు ఇచ్చిన మార్గదర్శకాలే 2013లో చట్టమయ్యాయి.

ఇక నిర్వచనం. ఇష్టం లేకుండా తాకడం, లైంగిక కోరిక తీర్చమనడం, ద్వంద్వార్థపు మాటలు, అశ్లీల చిత్రాలు చూపడం, మాటతోగానీ సైగతోగానీ అలాంటి మరే అవాంఛిత ప్రవర్తన అయినా లైంగిక వేధింపే. దానివల్ల ఆమె పనికి అడ్డు తగిలినా, ఆఫీసు ఆమెకు భయం పుట్టించే, అవమానపరిచే చోటుగా మారినా చట్టం దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. "సరదాకి అన్నాను" అన్నంత మాత్రాన అది సరదా అయిపోదు.

అలాగని ప్రతి కష్టమూ దీని కిందికి రాదు. ఆలస్యంగా వచ్చినందుకు కేకలేయడం, సెలవు ఇవ్వకపోవడం, పని ఎక్కువ పెట్టడం అన్యాయమే కావచ్చు. అందులో లైంగిక ప్రవర్తన లేకపోతే దానికి దారి వేరు.

"తాకలేదు కదా" అనేవారికి 1999 నాటి ఎపారెల్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ కేసు జవాబు. అధికారి తాకినట్టు రుజువు కాలేదంటూ హైకోర్టు అతనికి ఊరటనిస్తే, సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి ఉద్యోగం నుంచి తొలగింపునే ఖాయం చేసింది. ఆ బాధితురాలు కూడా నాలాగే టైపిస్టు.

పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న చోట్ల వారికి జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలల గడువు ఇవ్వవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదు.

మిత్రులారా, ఆ ఆఫీసులో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆయన మాట కాదు, మిగతావాళ్ల నవ్వు. ఒక్కరు "వద్దు సార్" అని ఉంటే నేను మానేసేదాన్ని కాదేమో. మీలో చాలామంది ఇప్పుడు అధికారులు. ఆ ఒక్కరు మీరు కండి.

చివరగా ఒక విన్నపం. చట్టం దృష్టిలో బడి కూడా పనిచేసే చోటే. టీచరమ్మకూ, ఆయాకూ, మధ్యాహ్న భోజనం వండే తల్లికీ ఈ రక్షణ ఉంది. కమిటీ వివరాలు అందరికీ కనబడేలా పెట్టాలని కూడా చట్టం చెబుతోంది. పొద్దున వరండాలో దాతల బోర్డు చూశాను, ఫస్టు వచ్చినవాళ్ల బోర్డు చూశాను. వాటి పక్కన ఇదీ ఉండాలి. హెడ్మాస్టరు గారు అనుమతిస్తే ఆ ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది.

సెలవు.