సెల్‌ఫోనులో ఇంటి కథ



"సెల్‌ఫోను సంగతి పిల్లలకు తెలుసు, మనకెందుకు?" అంటూంటాం. పిల్లలకు తెలిసింది నొక్కడం వరకే. వీడియోలో ఏది నిజమో, ఏది అతికించినదో తెలియాలంటే ఒక కథను తామే కూర్చి చూడాలి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు ఈ పని ఏనాడో చేశారు. చదువురాని దళిత స్త్రీలు కెమెరా పట్టి తమ విత్తనాల మీద, పంటల మీద చిత్రాలు తీశారు. ఎదుటి మనిషి కంటికి సమంగా కెమెరా పెట్టి తీస్తే దానికి వారు పెట్టుకున్న పేరు "సంఘం షాట్". సంఘంలో అందరూ సమానమే కదా! 2008లో మాచ్నూర్‌లో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు.

మన రామగిరి, గోదావరిఖని వైపు కథలకేం కొదవ? బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన తాతలు ఎందరి ఇళ్లలో లేరు? ఈ ఆదివారం పిల్లల్ని తాత ముందు కూర్చోబెట్టండి. ముందు ఆయన్ని అడిగి, ఆ తర్వాతే మాటలు రికార్డు చేయించండి. నాలుగు పాత ఫోటోలు చేర్చి, రెండు నిమిషాలకు కుదించమనండి. ఏ మాట తీసేశారో, ఎందుకు తీసేశారో అడగండి. ఒక్క మాట పోతే అర్థమెలా మారుతుందో అప్పుడు తెలుస్తుంది. అది తెలిసిన పిల్లలు ఎవరో పంపిన వీడియోను చూసీచూడగానే నమ్మరు, నలుగురికీ పంపరు.

మీరూ పక్కనే కూర్చోండి. పస్తాపూర్ అక్కలకు వచ్చిన విద్య మనకు రాకపోతుందా?