మగబిడ్డ పేరు - మన సీమ సంప్రదాయము



మగబిడ్డకు సంప్రదాయమైన పేరు పెట్టుట యెట్లు అను విషయమును బళ్లారి పురజనులు మీరే నిర్ణయించి నన్ను పిలిచినారు. శాసనములు చదువుకొనువానికి బారసాలతో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. రాతిమీది పేర్లతోనే నా వయస్సు గడచినది. ఏ తాత పేరు ఏ మనుమనికి దిగినది, ఏ వేలుపు పేరు ఏ ఊర నిలిచినది అనునది తేల్చుకొననిదే కాలము లిఖింపని శాసనమునకు మేము కాలము కట్టలేము. సంప్రదాయమను మాటను ముందు పెట్టుకొని మన ఇండ్లలో నేడు జరుగుచున్న పనులలో సంప్రదాయము వాసనయైన లేనివి పెక్కులు కలవు. వానిని గూర్చి నలుగురిలో చెప్పవలెనని నాకు చిరకాలముగా ఉన్నది కావున, మీ పిలుపు అందిన దినముననే ఒప్పుకొంటిని.

మొదట అక్షరము మాట. నేను ఏ ఊరికి పోయినను ఎవరో ఒకరు పంచాంగపు కాగితము చేత పట్టుకొని వచ్చి, "సామీ, మా మనవనికి 'చూ' వచ్చింది, 'చే' అయినా పర్వాలేదంట, మంచి పేరొకటి చెప్పు" అని అడుగుదురు. అశ్వినికి చూ చే చో లా, భరణికి లీ లూ లే లో అను ఆ చక్రము మీకందరకు తెలిసినదే. పిలుచుకొను పేరు ఆ అక్షరముతోనే మొదలు కావలెనని విధించిన గృహ్యసూత్రము నేను చూడలేదు. చూచినవారుండిన ఈ సభలోనే లేచి చెప్పుదురు గాక. ఆ చక్రములో ఆర్ద్రా నక్షత్రము మూడవ పాదమునకు వచ్చు అక్షరము 'ఙ'; హస్త మూడవ పాదమునకు 'ణ'. 'ఙ'తో మొదలగు పేరు తెలుగున గాని, కన్నడమున గాని, సంస్కృతమున గాని ఒక్కటి చెప్పుడు. చెప్పలేరు; చెప్పలేకనే ఆ పాదములలో పుట్టిన బిడ్డలకు మరియొక అక్షరము సర్దిపెట్టుదురు. అక్షరము తప్పిన బిడ్డకు కీడు నిజమే యైనచో ఆ పాదములలో పుట్టినవారందరు ఏమి కావలెను? పుట్టిన వేళ తెలియనివానికి, వాడుకలోనున్న పేరునుబట్టి నామనక్షత్రము చూచుకొనుటకు ఆ చక్రము పనికివచ్చును. పేరునుండి నక్షత్రమునకు పోవలసిన దారిని మనము తలక్రిందులు చేసినాము.

నక్షత్రమును బట్టి పేరే లేదని నేననుట లేదు. నామకరణమున దేవతానామము, మాసనామము, నక్షత్రనామము, వ్యావహారికనామము అని నాలుగు చెప్పుదురు. మార్గశిరమున పుట్టినవానికి కృష్ణుడని, పుష్యమున అనంతుడని, మాఘమున అచ్యుతుడని మాసనామములు వరుసగా నడచును. ఆ వరుస ఎంత చక్కనిదో పురోహితుని అడిగి తెలిసికొనుడు. ఇక ఉపనయనమున గురువునకు మ్రొక్కునపుడు చెప్పుకొనవలసిన పేరును, ఆ దినము వచ్చువరకు తల్లిదండ్రులకు తప్ప అన్యులకు తెలియనీయరాదని ఆశ్వలాయనుడు శాసించినాడు. జన్మనక్షత్రమును బట్టి పెట్టు పేరును పెద్దలు ఆ విధముగనే కాపాడుకొనిరి. దాచుకొనవలసిన పేరు యొక్క మొదటి అక్షరమును వీధి తలుపుమీద వ్రాసికొని, ఇది శాస్త్రమనుటకు వీరికి నోరెట్లు వచ్చుచున్నదో!

శాస్త్రమే కావలెనన్న, పతంజలి మహాభాష్యము మొదటి ఆహ్నికము తెరవుడు. వ్యాకరణము చదువుటవలని ప్రయోజనములను చెప్పుచు, పుత్రునకు పేరు పెట్టు రీతిని ఆయన అక్కడ ప్రస్తావించినాడు. ఆద్యక్షరమెట్లుండవలెను, నడుమ అంతస్థము ఉండవలెనా, కృత్తా తద్ధితమా అను నియమములను ఇప్పుడు విడిచిపెట్టుదము. వ్యాకరణము చదివినవారికి అవి కంఠస్థములు, చదువనివారికి ఈ సాయంకాలము అవి అక్కరలేదు. వాని నడుమనున్న ఒక్క నియమమును మాత్రము గట్టిగా పట్టుకొనుడు: బిడ్డ పేరు తండ్రికి పైనున్న మూడు తరముల పురుషులను అనుసరించినదై యుండవలెను. రెండు వేల యేండ్లకు పూర్వము చెప్పిన ఈ మాట తెలుగు దేశపు రాతిలో ఎట్లు నిలిచినదో చూడుడు. కాకతీయులలో మొదటి బేతరాజు కొడుకు మొదటి ప్రోలరాజు. అతని కొడుకు రెండవ బేతరాజు. అతని కొడుకు రెండవ ప్రోలరాజు. తాత పేరు మనుమనికి, మరల ఆ తాత కొడుకు పేరు అతని మనుమనికి. మొదటి, రెండవ అను లెక్క మేము తగిలించుకొన్నదే. ఒక పూట ప్రయాణమున మీరు చేరగల హంపీలో మొదటి బుక్కరాయని మనుమడు రెండవ బుక్కరాయలు. మొదటి దేవరాయని మనుమడు రెండవ దేవరాయలు. విరూపాక్షాలయమున రంగమంటపము కడ నిలిచియున్న కృష్ణరాయల శాసనమును పోయి చూడుడు. పట్టాభిషేకవేళ ఆ రాతిమీద తన పేరు చెక్కించుకొనుటకు ముందు తిమ్మరాజును, ఈశ్వరరాజును, నరసరాజును, అనగా ముత్తాతను, తాతను, తండ్రిని ఆయన చెప్పుకొన్నాడు.

ఇది రాజుల ఇండ్ల మాట యందురేమో; మీ ఇండ్లలోనిదే చూడుడు. తాత పేరు మనుమనికి పెట్టిన ఇంట కోడలు ఆ బిడ్డను పేరుపెట్టి పిలువదు. మామగారి పేరు నోట ఎత్తరాదు కావున "అయ్యా" అనును, "నాయనా" అనును, "అబ్బీ" అనును. రెండేండ్ల వాడు తప్పు చేసినపుడు సైతము పేరెత్తి తిట్టదు. జేజి మాత్రము, భర్త పేరు జీవితమున ఒక్కనాడును పలుకని జేజి, ఆ బిడ్డను ఒడిలో వేసికొని "మా ఆయప్ప మల్లా వచ్చినాడు" అనును. ఈ మాట నేను ఎన్ని ఇండ్లలో విన్నానో చెప్పలేను. ముందు వరుసలోని పెద్దమ్మగారు కన్ను తుడుచుకొనుచున్నారు. వారికి నేను విశదము చేయవలసినదేమియు లేదు.

తాత పేరు తరువాతది చుట్టుపట్ల వేలుపు పేరు. ఈ సీమలో మగబిడ్డ పేరు వెదకుటకు పుస్తకమేల? హంపీ పంపాపతి, విరూపాక్షుడు, సండూరు కుమారస్వామి, కొట్టూరు బసవేశ్వరుడు, ఆయన పేరనే ఇంటింట కొట్రేశులు, కురుగోడు దొడ్డబసప్ప, మైలారలింగని పేర మైలారప్ప, చేళ్ళగురికి ఎర్రితాత పేర ఎర్రిస్వామి. ఎల్లకు ఆవల కసాపురము నెట్టికంటి ఆంజనేయుడు, పెన్నహోబిలము నరసింహుని పేర ఓబులేసు, ఉరుకుంద ఈరన్న. విరుపన్న కన్నడపు పేరా తెలుగు పేరా అని నన్నడుగువారున్నారు. ఈ ప్రశ్నకు నాకు ఓర్పు చాలదు. లేపాక్షి కట్టించిన విరుపన్న ఏ భాషవాడని తేల్చి మీరేమి చేయుదురు? బసవని కథను పాలకురికి సోమన తెలుగున చెప్పగా, 1369లో భీమకవి దానినే కన్నడమునకు తెచ్చినాడు. 1953 అక్టోబరు 1న రాష్ట్రముల నడుమ గీత గీచినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆ వైపునకును బళ్లారి ఈ వైపునకును పోయినవి గాని, ఎర్రితాతకు మ్రొక్కుకొని కన్న బిడ్డలు గీతకు రెండు వైపులను ఎర్రిస్వాములే. పీర్లకు మ్రొక్కుకొన్న హిందువుల ఇండ్లలో హుసేనప్ప, మస్తానప్ప, ఫక్కీరప్ప పుట్టినారు. గూగూడు కుళ్ళాయస్వామి పేర కుళ్ళాయప్పలు నేటికిని పుట్టుచున్నారు. ఇవి సంప్రదాయనామములు కావని యనువాడు ఈ సీమ సంప్రదాయమును ఎరుగడు.

ఇచ్చట మన్రో కథ చెప్పక నేను ముందునకు పోజాలను. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీకి అప్పగించినపుడు, దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చినవాడు తామస్ మన్రో. స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరమున పుట్టినవాడు. పాళెగాండ్ర కలతలతో, కరువుతో నలిగియున్న ఈ నేలను ఆయన గుడారములలో మకాములు చేయుచు, ఊరూరు తిరిగి చూచినాడు. దొర ఎదుట రైతు తానుగా నిలిచి తన మాట చెప్పుకొనగల్గిన రోజులవి. 1807లో పోవునపుడు, ఇచటి శిస్తులో నాలుగవ వంతు తగ్గింపుమని పైవారికి వ్రాసి పోయినాడు. 1820లో మద్రాసు గవర్నరుగా మరల వచ్చి, పదవి విడుచు తరుణమున, తాను మునుపు తిరిగిన నేలను చివరిసారి చూడగోరి 1827లో ఇటు పయనమై, పత్తికొండలో కలరా సోకి, జూలై 6న చనిపోయినాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, తరువాత శల్యములను మద్రాసునకు కొనిపోయిరి. ఆయన పేర పత్తికొండలో బావి త్రవ్వించి తోపు వేయించినారు. అవి సర్కారు చేసిన పనులు. రైతులు చేసిన పని వేరొకటి: పుట్టిన మగబిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. మన్రో యనునది ఆయన ఇంటిపేరు. దానికి చివర 'అప్ప' తగిలించి, తొట్టిలలో వేసి, చెవిలో ఊది, తమవానిని చేసికొన్నారు. పరదేశి పేరు సంప్రదాయమెట్లగునని ఒక విద్యావంతుడు నాతో వాదించినాడు. ఆ పేరు పెట్టిన తండ్రి దానిని ఏ జాబితాలోను ఏరుకొనలేదు; తన పొలము గట్టున నిలిచిన మనిషిని కన్నులార చూచి, ఆ ఋణమును కొడుకు పేరుగా ఇంట నిలుపుకొన్నాడు. ఎరిగినవాని పేరు పెట్టుట, మ్రొక్కినవాని పేరు పెట్టుట, కన్నవాని పేరు పెట్టుట - సంప్రదాయము నడచిన త్రోవ యిదియే, మన్రోలప్ప ఆ త్రోవనే వచ్చినాడు.

ఇంకొక తరగతి పేర్లు కలవు. వానిని తలచినపుడెల్ల నాకు గొంతు పట్టుకొనును. పుల్లయ్య, పెంటయ్య, కుప్పయ్య, తిప్పయ్య. ఈ పేర్లను మోటువని నవ్వుదురు. బడిలో చేర్చునాడు మార్పించుదురు. పుట్టిన బిడ్డ పుట్టినట్లు పోవుచుండగా, మిగిలిన ఒక్కనినైనను దక్కించుకొనుటకు, తల్లి వానిని ఎంగిలి విస్తళ్లమీద దొర్లించి పుల్లయ్య యన్నది; పెంటకుప్పమీద ఉంచి, ఇరుగుపొరుగు ఆమె ఎత్తి తెచ్చి ఇచ్చినట్లు, తాను చేటెడు తవుడు పోసి కొనుక్కొన్నట్లు చేసి పెంటయ్య యన్నది. మృత్యువు కంటికి ఈ బిడ్డ పనికిరానివాడుగా కనబడవలెనని ఆమె ఆశ. నాయకనహట్టి తిప్పేరుద్రస్వామి పేరులోనే తిప్ప యున్నది. ఆ స్వామి పేర ఈ జిల్లాలో తిప్పేస్వాములు ఎందరున్నారో మీకే తెలియును. ఆ మధ్య నాకొక నామకరణ శుభలేఖ వచ్చినది. క్రింద ముత్తాత తిప్పన్న, తాత ఎర్రిస్వామి అని చిన్న అక్షరములలో నున్నది, పైన పెద్ద బంగారు అక్షరములలో ఆ ఇంట ఎవరికిని నోరు తిరుగని పేరొకటి యున్నది. తిప్పన్న అని పేరు పెట్టిన ఆ తల్లి ఎందరు బిడ్డలను మట్టిలో కలుపుకొన్నదో ఆ ఇంటివారు అడిగి తెలిసికొన్నారా? ఆ పేరు వారికి సిగ్గెట్లగును?

అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు. తక్కినవి త్వరగా చెప్పుదును. సంఖ్యాశాస్త్రమని ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరము అధికముగా చేర్చుట మనది కాదు; కీరో మొదలగు పాశ్చాత్యులు ప్రచారము చేసిన లెక్క, రోమను లిపికి కట్టినది. మన అక్షరసంఖ్య కటపయాది. మేచకల్యాణి అరువదియైదవ మేళకర్త యని దానివలననే తెలియును. దానితో ఎవని అదృష్టమును ఎవరును లెక్కపెట్టలేదు. చేర్చిన అక్షరమువలన కలుగునది ఒక్కటే: బడిలో ఒక తీరు, బ్యాంకులో ఒక తీరు, ఆధారులో ఒక తీరు.

అర్థము బాగున్నదని పెట్టు పేర్ల సంగతి. ఆరవ్ అనిన శాంతుడని అచ్చువేసిన జాబితాలు చూచినాను. సంస్కృతమున ఆరవమనిన అరపు, ధ్వని. అర్థముకొరకే పెట్టువారు నిఘంటువైనను చూడవలదా?

తాత బ్రదికియుండగా ఆయన పేరు పెట్టవచ్చునా యని చీటీ వచ్చినది. కొన్ని ఇండ్లలో పెట్టుదురు, కొన్నిట పెట్టరు. మీ ఇంటి ఆచారము మీ మేనత్త నడుగుడు. ఇంటిపేరు మాట: తెలుగువారు ఇంటిపేరును పొడి అక్షరముగా ముందు వ్రాసి ఊరకుందురు. మీ ఊరి నాటకకర్తలు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారిని, కోలాచలము శ్రీనివాసరావుగారిని పొడి అక్షరముతో చెప్పిన ఎవరికి తెలియును? జనన పత్రములో ఇంటిపేరు, పేరు పూర్తిగా వ్రాయించుడు.

పత్రము మాట వచ్చినది కావున ఇది యొక్కటి. ఆసుపత్రి విడుచునాడే పేరు చెప్పవలెనను భయముతో పెక్కుమంది ఏదో యొకటి వ్రాయించుచున్నారు. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము జననమును 21 దినములలో తెలుపవలెను గాని, పేరు లేకయే నమోదు చేయవచ్చును; పండ్రెండు నెలలలోపల రుసుము లేకుండ పేరు చేర్పించుకొనవచ్చును, ఆ పైన రుసుముతో పదునైదు సంవత్సరముల వరకు గడువున్నది. మేనత్తను పిలిపించుకొనుటకు, ఊరికి పోయి జేజిని అడుగుటకు, ముత్తాత పేరు తెలిసిన ముసలివాడు ఏ పల్లెలో మిగిలియున్నాడో వెదకుటకు ఆ వ్యవధి చాలును.